మిర్రీతో పీట్ బండి: షెట్లాండ్ పోనీకి లాగుడు పని నేర్పిన పదకొండు నెలల లెక్క

నేను స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో ఉంటాను, లెర్విక్‌లో నర్సుగా షిఫ్టు డ్యూటీ. మా పక్క కమతం పెద్దావిడ దగ్గర మిర్రీ అనే ఆడ పోనీ, అంటే పొట్టి జాతి గుర్రం, ఉంది. ఉత్తరాన రాత్రిపూట ఆకాశంలో కదిలే వెలుగుల్ని ఇక్కడివాళ్ళు మిర్రీ డాన్సర్స్ అంటారు, ఆ పేరే దీనికి పెట్టారు. ఆరేళ్ళది, నల్లది, అప్పటివరకు ఎవరూ దానికి ఏ పనీ నేర్పలేదు.

పెద్దావిడకు కొండ మీద పీట్ కోసుకునే చోటు ఉంది. పీట్ అంటే తడి నేలలో వేల ఏళ్ళుగా సగం కుళ్ళి పేరుకున్న మొక్కల మట్టి, ఇటుకల్లా కోసి ఎండబెడితే పొయ్యిలో కట్టెల్లా కాలుతుంది. ట్రాక్టర్ వెళ్ళే దారి వానలకు కోసుకుపోయింది కాబట్టి ఎండిన పీట్‌ను 700 మీటర్ల దూరం పోనీ బండి మీద ఇంటికి తేవాలని అనుకున్నాం.

ఇంగ్లండ్‌లో కాస్త పొలం ఉన్న మనవాళ్ళు ముగ్గురు నలుగురు "పిల్లల కోసం షెట్లాండ్ పోనీ కొంటాం, చిన్నదే కదా, చూసుకోవడం తేలికేనా" అని నన్ను అడిగారు. వాళ్ళకి జవాబుగానే ఇది రాస్తున్నాను, అందుకే బాగా జరిగిన రోజుల కంటే చెడిన రోజులే ఇందులో ఎక్కువ. పెద్దావిడ చిన్నప్పటినుంచి పోనీల మధ్య పెరిగిన మనిషి, ఆవిడ పక్కన లేకుండా నేను ఒక్క పట్టీ కూడా కట్టలేదు. అలాంటి మనిషి దొరక్కపోతే మొదలుపెట్టకండి.

దశ 1: కొలతలు, బరువు (సెప్టెంబరు)

షెట్లాండ్ పోనీ ఎత్తును అంగుళాల్లోనే చెబుతారు. జాతి పుస్తకంలో, అంటే అసలు జాతి పోనీల పేర్లు నమోదు చేసే పుస్తకంలో, చేరాలంటే నాలుగేళ్ళు నిండాక 42 అంగుళాలు దాటకూడదు, అంటే 107 సెంటీమీటర్లు. మిర్రీ 39 అంగుళాలు. నా నడుం దాకా వస్తుంది, అంతే.

తూకం వేసే యంత్రం లేదు కాబట్టి టేపుతో లెక్క కట్టాను:

1. ముందు కాళ్ళ వెనక, ఛాతీ చుట్టుకొలత: 145 సెంటీమీటర్లు.
2. భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరి ఎముక దాకా పొడవు: 110 సెంటీమీటర్లు.
3. చుట్టుకొలతను దానితోనే గుణించి, మళ్ళీ పొడవుతో గుణించి, 11,877తో భాగించాలి. వచ్చింది 195 కిలోలు.

పక్కటెముకలు చేతికి తగలడం లేదు, మెడ పైన కొవ్వు గట్టిపడి ఉంది. ఈ జాతి రాతి నేల మీద, ఉప్పు గాలిలో, పలచటి గడ్డి తిని బతకడానికి తయారైంది, దాన్ని పచ్చటి మేతలో వదిలితే ఒంట్లో ఇన్సులిన్ అదుపు తప్పి గిట్టల లోపల వాపు వస్తుంది, లామినైటిస్ అంటారు. ఇంగ్లండ్ పచ్చిక మైదానాల్లో ఉండేవాళ్ళు ముందుగా భయపడాల్సింది దీనికే.

నా మొదటి తప్పు ఇక్కడే జరిగింది. బరువు తగ్గించాలని మేత ఒక్కసారిగా సగం చేశాను. మూడో రోజు వేరే పని మీద వచ్చిన పశువుల డాక్టర్ అది విని గట్టిగా మందలించారు. లావుగా ఉన్న పోనీని పస్తు పెడితే ఒంట్లోని కొవ్వంతా ఒక్కసారిగా రక్తంలోకి దిగి కాలేయం దెబ్బతింటుంది, ప్రాణం పోవచ్చు. మనుషుల డైట్ లెక్క ఇక్కడ పనిచేయదు. అప్పటినుంచి రోజుకి 3.3 కిలోల ఎండుగడ్డి, చక్కెర కొంత తగ్గేలా నీళ్ళలో నానబెట్టి, స్ప్రింగ్ కాటాతో తూచి, నాలుగు పూటలుగా పంచి పెట్టాను. చలికాలంలో దుప్పటి కప్పలేదు. దాని రెండు పొరల బొచ్చు దానికి చాలు, చలికి ఒళ్ళే కొంత కొవ్వు ఖర్చు పెట్టుకుంటుంది.

బరువు: సెప్టెంబరు 195, నవంబరు 187, ఫిబ్రవరి 179.
ఇప్పటివరకు: 6 గంటలు, 24 పౌండ్లు (కాటా 18, టేపు 6).

దశ 2: నిలబడటం, నడవటం (అక్టోబరు నుంచి జనవరి)

బండి లాగే జంతువుకి ముందు రావాల్సింది లాగడం కాదు, కదలకుండా నిలబడటం. నేను అది పది రోజుల్లో వస్తుందనుకున్నాను, పది వారాలు పట్టింది.

మొదట్లో రోజుకి నలభై నిమిషాలు పట్టాను. గడియారం చూసుకుని రాసుకుంటే తేలింది, ప్రతిరోజూ పన్నెండో నిమిషం దగ్గర చెవులు వెనక్కి వాల్చేది, పదిహేనో నిమిషానికి నా చేతి సంచీ లాగేది, ఇరవై దాటితే నాలుగు కాళ్ళూ పాతేసి ఇంక కదలదు. 195 కిలోలు ఒద్దనుకుంటే తాడుతో లాగి మీరేమీ చేయలేరు. దానికి పాఠం అప్పటికే అర్థమైపోయింది, నేను చెప్పిందే చెబుతున్నాను, విసుగు వచ్చింది. పది నిమిషాల చొప్పున రోజుకి రెండుసార్లకు మార్చాక వారంలోనే తేడా కనపడింది.

రెండో తప్పు, బెల్లం ముక్కలా చేతిలో క్యారెట్ పెట్టి తినిపించడం. నాలుగో రోజుకి ఖాళీ చేతిని కూడా కొరకడం మొదలుపెట్టింది. పెద్దావిడ ఒక్కమాటే అన్నారు, "చేతిలో తిండి ఉంటే అది నీ మాట వినదు, నీ చేతినే చూస్తుంది." ఆ రోజు నుంచి బహుమతి ఏదైనా బకెట్లోనే, అదీ పని ముగిసి కళ్ళెం తీశాకే. కొరకడం పూర్తిగా మానడానికి ఐదు వారాలు పట్టింది. పిల్లల కోసం కొనేవాళ్ళు ఈ ఒక్క సంగతి మొదటి రోజునుంచే పాటించండి.

పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని మన సామెత. మిర్రీ గేటు గడియను పెదవులతో పైకెత్తి పక్కకి జరుపుతుంది, అది పెద్దావిడ చెప్పినప్పుడు నమ్మలేదు, కళ్ళారా చూశాను. పొట్ట పట్టీ బిగించేటప్పుడు గాలి పీల్చి పొట్ట ఉబ్బిస్తుంది, రెండు నిమిషాల తర్వాత చూస్తే పట్టీలో నాలుగు వేళ్ళు దూరతాయి. అందుకని బిగించడం, ఇరవై అడుగులు నడిపించడం, మళ్ళీ బిగించడం ఇక నియమం చేసుకున్నాను.

డిసెంబరులో ఇక్కడ పగటి వెలుతురు ఆరు గంటలు కూడా ఉండదు, నా డ్యూటీ ఆ ఆరు గంటల్లోనే ఉంటే ఇక పనే లేదు. డిసెంబరు, జనవరి కలిపి పద్నాలుగు రోజులే దొరికాయి. ఆశ్చర్యం, ఖాళీ తర్వాత అది ఏదీ మరిచిపోలేదు.

ఇప్పటివరకు: 20 గంటలు, 24 పౌండ్లు.

దశ 3: వెనకనుంచి పగ్గాలు (ఫిబ్రవరి, మార్చి)

బండి కట్టకముందే, మనిషి వెనక నడుస్తూ రెండు పొడవాటి పగ్గాలతో నడిపించాలి. క్రమం ఇది:

1. కళ్ళెం, నడుం మీద చిన్న జీను, దాని పక్క రింగుల్లోంచి పగ్గాలు.
2. పెద్దావిడ తల దగ్గర, నేను వెనక, తన్నినా తగలనంత దూరంలో.
3. నడు, ఆగు. ఈ రెండు మాటలు కుదిరేదాకా మలుపులు లేవు.
4. పెద్దావిడ రోజుకి ఒక అడుగు పక్కకి జరుగుతూ చివరికి తప్పుకోవాలి.
5. ఇవన్నీ కుదిరాకే కళ్ళగంతలు, అంటే పక్కలు, వెనక కనపడకుండా కళ్ళ పక్కన కట్టే తోలు ముక్కలు.

పగ్గాలకు నేను బట్టలారేసే నైలాన్ తాడు వాడాను, తొమ్మిది పౌండ్లకి వచ్చింది. మొదటి గాలి రోజున మిర్రీ ఉలిక్కిపడి ముందుకు దూకితే తాడు నా అరచేతులు కోసేసింది, చేతులు కాలి రెండు రోజులు డ్యూటీలో గ్లవ్స్ వేసుకోలేకపోయాను. 26 పౌండ్లు పెట్టి వెడల్పాటి అల్లిక పట్టీలు, ఒక్కోటి నాలుగున్నర మీటర్లు, కొన్నాను. గాలి గంటకి ముప్పై మైళ్ళు దాటితే పని మానేయాలని కూడా అప్పుడే రాసుకున్నాం. చెట్లు లేని దీవి, ఎగిరే ప్లాస్టిక్ సంచీని ఆపేది ఏదీ లేదు.

మార్చి రెండో వారం. వాగు దాటే చోట మిర్రీ ఆగిపోయింది. మర్నాడు అక్కడే ఆగింది. మూడో రోజు వెనక్కి తిరిగి నా ముఖంలోకి చూస్తూ నిలబడింది, పగ్గాలు దాని మెడ చుట్టూ చిక్కుకున్నాయి. నాకు కోపం వచ్చింది, మొండిది అని నోటితో అన్నాను కూడా. పెద్దావిడ ఏమీ అనకుండా కర్ర తీసుకుని మిర్రీ ఆగిన చోటికి రెండడుగుల ముందు నేలలో గుచ్చారు. కర్ర నలభై సెంటీమీటర్లు దిగిపోయింది. పైన చూస్తే గట్టి పచ్చిక, కింద బురద ఊబి. నేను ఆ దారిన బండి తీసుకెళ్ళాలనే ప్లాన్‌లో ఉన్నాను. దారిని ఎగువకి మార్చాం, 60 మీటర్లు చుట్టు, అక్కడ అది ఒక్కసారి కూడా ఆగలేదు. మొత్తం 700 మీటర్లు అని పైన రాసింది ఈ చుట్టు కలిపే.

ఆ తర్వాత అది ఆగిన ప్రతిసారీ డైరీలో చోటు, సమయం, కట్టిన సామాను రాయడం మొదలుపెట్టాను. మొత్తం ప్రాజెక్టులో నాకు ఎక్కువగా పనికొచ్చింది ఈ పట్టికే.

ఇప్పటివరకు: 42 గంటలు, 59 పౌండ్లు.

దశ 4: టైరు లాగడం (ఏప్రిల్)

పాత జీను సామాను 140 పౌండ్లకి సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. రొమ్ముకి అడ్డంగా ఒక వెడల్పాటి పట్టీ, దాని రెండు చివరల నుంచి లాగుడు పట్టీలు, అవి వెనక ఒక అడ్డకర్రకి, అడ్డకర్ర నుంచి టైరుకి. అడ్డకర్రకీ టైరుకీ మధ్య స్ప్రింగ్ కాటా పెట్టాను. గుర్రాలైనా ఎద్దులైనా రోజంతా లాగగలిగే బలం ఒంటి బరువులో పదో వంతు దగ్గర ఉంటుందని పాత లెక్క. మిర్రీకి అది దాదాపు 18 కిలోలు. క్షణకాలం దీనికి మూడు నాలుగు రెట్లు లాగగలదు, కానీ ఆ అంకె నమ్మి బండి నింపకూడదు.

ఉత్త టైరు: పచ్చిక మీద 5 కిలోల లాగుడు.
టైరు మీద 14 కిలోల దుంగ: 13 కిలోలు.

13 కిలోలంటే దాని శక్తికి చాలా తక్కువ. అయినా ముప్పై అడుగులకోసారి ఆగింది. మూడు రోజులు అంతే. పట్టిక తిరగేస్తే ఉత్త టైరుతో ఆగలేదు, బరువు పెరిగాకే ఆగుతోంది, కానీ ఆయాసం లేదు, స్టెతస్కోప్ పెట్టి చూస్తే గుండె నిమిషానికి 52 మాత్రమే. పట్టీ విప్పి చేత్తో తడిమితే భుజం ముందు ఎముక దగ్గర వెంట్రుకలు ఎదురు తిరిగి ఉన్నాయి, కింద చర్మం వేడిగా ఉంది. పట్టీ కిందికి ఉంది, అడుగు వేసిన ప్రతిసారీ భుజం ఎముక దానికి గుద్దుకుంటోంది.

మా నాన్నగారు ప్రకాశం జిల్లాలో ఎడ్ల బండి తోలేవారు. కాడి కింద మెడ చర్మం కాస్త ఎర్రబడితే ఆ రోజు ఎద్దును విప్పేసేవారు, పని ఆగిపోయినా సరే. ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఆయన ఊరికే అనేవారు కాదు. అది తెలిసి కూడా నేను మూడు రోజులు చూడలేదు, ఇది రాస్తున్నప్పుడు కూడా బాధగానే ఉంది.

చేసిన మార్పులు:

1. ఆరు రోజులు పని బంద్.
2. పట్టీ 4 సెంటీమీటర్లు పైకి. మొదటి రోజే ఆగకుండా 110 అడుగులు.
3. ఇంకా బాగుంటుందని మరో 3 సెంటీమీటర్లు పైకి జరిపాను, దగ్గింది. గొంతు గొట్టం నొక్కుకుంటోంది. వెంటనే కిందికి దించాను.
4. సరైన ఎత్తు దగ్గర పట్టీని కుట్టించి, లోపల ఉన్ని తోలు వేయించాను, 35 పౌండ్లు.

ఏప్రిల్ 27న ముడి సరిగ్గా వేయక టైరు తాడు ఒకవైపు ఊడి, అడ్డకర్ర దాని మడమలకు తగిలింది. మిర్రీ పరుగు తీసింది. అంత చిన్న జంతువు అంత వేగంగా పోతుందని నాకు అప్పటివరకు తెలియదు. మూడు వందల మీటర్లు పోయి గేటు దగ్గర ఆగింది, ఒళ్ళంతా చెమట, నాకు టెన్షన్‌తో కాళ్ళు ఆడలేదు. గాయం కాలేదు. తాళ్ళ ముడులు ఆ రోజుతో ఆపేసి, ఒక్క లాగుతో విడిపోయే కొక్కేలు పెట్టాను. టైరు చప్పుడుకి మళ్ళీ అలవాటు పడటానికి తొమ్మిది రోజులు పట్టింది, ఒక్క ముడి ఖరీదు అది.

ఇప్పటివరకు: 61 గంటలు, 234 పౌండ్లు.

దశ 5: బండి (మే, జూన్)

రెండు చక్రాల బండి, గాలి టైర్లు, ఖాళీ బరువు 58 కిలోలు. ఇరుసు, చక్రాలు పాత ట్రాలీ నుంచి 110 పౌండ్లు. కలప ఓడలో రావాలి, అందుకే 95 పౌండ్లు. బోల్టులు, రంగు 38.

నొగలంటే పోనీకి రెండు పక్కలా వచ్చే బండి కర్రలు, వాటి ఎత్తు ఊహతో 74 సెంటీమీటర్లు పెట్టేశాను. మిర్రీ పక్కన నిలబెడితే నొగలు పైకి ఎగదన్ని బండి వెనక్కి ఒరిగింది. దాని భుజం కీలు దగ్గర ఎత్తు 66, నొగలు అక్కడికి రావాలి. కోసి మళ్ళీ బిగించడానికి రెండు ఆదివారాలు పోయాయి. మీరు ముందు పోనీని కొలవండి, ఆ తర్వాతే కలప కొనండి.

తర్వాత వీపు మీద పడే బరువు. బండిలో 72 కిలోల ఇసుక బస్తాలు వేసి, మొత్తం 130 కిలోలతో, నొగల చివరని కాటాకి వేలాడదీస్తే 9 కిలోలు చూపించింది. అంత బరువు రోజంతా చిన్న వీపు మీద ఉండకూడదు. ఇరుసును యు-బోల్టులతో బిగించాను కాబట్టి జరపడం కుదిరింది. 6 సెంటీమీటర్లు ముందుకు జరిపితే మూడున్నర కిలోలకి దిగింది. వెల్డింగ్ చేసి ఉంటే ఈ పని అయ్యేది కాదు.

కట్టే ముందు వారం రోజులు, దాని మేత దగ్గరే బండిని ముందుకీ వెనక్కీ తోస్తూ చప్పుడు వినిపించాం. ఆ తర్వాత నేను బండి లాగుతుంటే అది పక్కన నడిచింది, తర్వాత వెనక నడిచింది. నొగల మధ్యకి పోనీని వెనక్కి నడిపించి తీసుకెళ్ళకూడదు, పోనీని నిలబెట్టి బండిని వెనకనుంచి దాని దగ్గరికి తేవాలి. జూన్ 9న మొదటిసారి కట్టాం. నలభై అడుగులు నడిచింది, ఆగమంటే ఆగింది, విప్పేశాం.

ఇప్పటివరకు: 101 గంటలు (31 గంటలు ఉత్త వడ్రంగమే), 477 పౌండ్లు.

దశ 6: పీట్ మోత (జులై)

పెద్దావిడ వాళ్ళ అమ్మ కాలంలో బండి కాదు, పోనీ వీపు మీదే మోత. క్లిబర్ అనే కొయ్య జీను, దానికి రెండు పక్కలా వలల్లో కిషీ అనే అల్లిక బుట్టలు. నడిపించేవాళ్ళలో పిల్లలు కూడా ఉండేవారట.

ఎంత బరువు వేయాలని వెతికితే బొగ్గు గనుల అంకెలే ఎక్కువ దొరుకుతాయి, వాటితో జాగ్రత్త. 1842లో బ్రిటన్‌లో ఆడవాళ్ళనీ పదేళ్ళలోపు మగపిల్లల్నీ గనుల్లోకి దించకూడదని చట్టం వచ్చాక, ఇరుకు సొరంగాల్లో పట్టే జంతువుగా షెట్లాండ్ పోనీకి గిరాకీ పెరిగింది. 1870 నుంచి లండన్‌డెరీ ప్రభువు ఇక్కడి బ్రెస్సే, నాస్ దీవుల్లో ఇంగ్లండ్‌లోని తన డర్హమ్ బొగ్గు గనుల కోసమే పొట్టిగా, దిట్టంగా ఉండే పోనీలను పెంచారు. మంచి మగ పోనీలు గనులకు తరలిపోవడంతో జాతి దెబ్బతింది, దాన్ని కాపాడుకోవడానికి 1890లో జాతి పుస్తకం సంఘం పెట్టుకున్నారు. ఈనాటి పోనీల బలిష్ఠమైన ఒళ్ళు కొంత ఆ పెంపకం నుంచి వచ్చిందే. కానీ గనిలో అవి లాగింది ఇనుప పట్టాల మీద ఇనుప చక్రాలను. పచ్చిక మీద అదే బరువుకి ఎన్నో రెట్లు లాగుడు కావాలి. నా కాటా లెక్క ఇది, 60 కిలోల పీట్‌తో, మొత్తం 118 కిలోలకి:

చదును దారి: 7 కిలోల లాగుడు.
ఇంటి ముందు ఎత్తు, పదకొండుకి ఒకటి వాలు: 18 కిలోలు.

సరిగ్గా దాని హద్దు. రెండో రోజు 90 కిలోలు వేసి చూశాను, ఎత్తు మీద 22 చూపించింది. మధ్యలో ఆగి, తల తిప్పి నన్ను చూసి, నేను సగం బస్తాలు దించేదాకా కదల్లేదు. ఈసారి నేను మొండి అనలేదు.

పెద్ద ప్రమాదం మాత్రం దిగుడులో జరిగింది. కొండ మీదనుంచి వచ్చేటప్పుడు బండి పోనీని వెనకనుంచి తోస్తుంది, దాన్ని ఆపేది తొడల వెనకగా తిరిగే బ్రీచింగ్ పట్టీ. నాది 12 సెంటీమీటర్లు వదులుగా ఉంది. బండి జారి మడమలకు తగిలింది, మిర్రీ రెండు కాళ్ళతో తన్ని ముందు చెక్కని రెండు ముక్కలు చేసింది. పెద్దావిడ తల పట్టుకుని నిలబెట్టారు కాబట్టి సరిపోయింది. పాత పట్టీ కన్నాలు అంతకంటే బిగుతుకి రావు. 42 పౌండ్లతో కొత్తది కొని, బండి ముందుకు లాగి పట్టీలు బిగిసి ఉన్నప్పుడు వెనక నాలుగు వేళ్ళు మాత్రమే దూరేలా పెట్టాను. విరిగిన చెక్క ఇంట్లో మిగిలిన ముక్కతో సరిచేశాను.

ఆ తర్వాత రోజుకి రెండు మూడు ట్రిప్పులే. గుండె లెక్క: పనికి ముందు 40, ఎత్తు ఎక్కగానే 72, పది నిమిషాల తర్వాత 48. పది నిమిషాలకి 60 కిందికి రాకపోతే ఆ రోజుకి ఆపేయాలని పెట్టుకున్నాం, ఒక్క ఉక్క రోజున ఆపేశాం. గిట్టలకు లాడాలు లేవు, ఆరు వారాలకోసారి చెక్కించడమే.

ఒక సంగతి రాయకపోతే ఈ లెక్క సగమే అవుతుంది. ఎనిమిదో ట్రిప్పు నుంచి, బండి నింపడం పూర్తయి నేను చివరి బస్తా తట్టి వదలగానే, నా మాట కోసం చూడకుండా చెవులు ముందుకు పెట్టి మొదటి అడుగు వేయబోయేది. నిలబడమంటే నిలబడేది, కానీ ఒళ్ళంతా ముందుకు వంచి. దానికి పని ఇష్టమో, ఇంటి దగ్గరి బకెట్ ఇష్టమో అని పెద్దావిడని అడిగాను. "రెండూ ఒకటే దానికి" అన్నారు.

మొత్తం మోత: 11 రోజులు, 26 ట్రిప్పులు, 1,508 కిలోల పీట్, రానూపోనూ 36.4 కిలోమీటర్లు.
మొత్తం ఖర్చు: 127 గంటలు, 519 పౌండ్లు. డాక్టర్, గిట్టల పని, మేత ఇందులో లేవు.
బరువు జులై 31న: చుట్టుకొలత 139, అంటే 179 కిలోలు, ఫిబ్రవరిలో ఉన్నంతే. పక్కటెముకలు చేతికి తగులుతున్నాయి, తొడ కండ గట్టిపడింది.

మిగిలినవి: కుడి నొగ మీద వార్నిష్ లేచిపోయింది, చలికాలం లోపు గీకి మళ్ళీ వేయాలి. కళ్ళగంతల ఎడమ వైపు కంటికి మరీ దగ్గరగా ఉంది, తీగ వంచాలి. గేటుకి గడియ తీసేసి గొలుసు, కొక్కెం పెట్టాం. నిన్న సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి మిర్రీ ఆ గొలుసుని పళ్ళతో లాగి చూస్తోంది, ఇంకా తెరవలేదు.